ఊరికే ఇస్తామన్న పాత ఇంజిన్: తెచ్చుకోవాలా, వద్దా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ కారు ఆయిల్ తాగుతోంది. మీ అన్నయ్య స్నేహితుడికి కూడా అదే మోడల్ కారు ఉంది. ఆయన దానికి పెద్ద ఇంజిన్ వేయించుకుని, తీసేసిన 4 సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్‌ను షెడ్డులో చెక్క పలకల మీద పెట్టి టార్పాలిన్ కప్పి ఉంచాడు. అలా పెట్టి నాలుగేళ్లయింది. "బాగానే నడిచేది, కావాలంటే ఊరికే పట్టుకెళ్లండి, కానీ ఈ వారంలోనే" అంటున్నాడు. పట్టుకెళ్లడం మంచిదేనా అని మీ సందేహం.

నా జవాబు ముందే చెప్పేస్తాను. వెళ్లి చూడదగ్గ ఇంజినే. కానీ స్పార్క్ ప్లగ్గులు విప్పి, చేత్తో తిప్పి, సిలిండర్ల లోపల చూసి, సంపులో, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, ఆయిల్ ఎలా ఉందో చూశాకే బండి ఎక్కించండి. ఇదంతా ఒక పూట పని. ఆయన ఆ పూట సమయం ఇవ్వనంటే, లేదా ఏదీ విప్పనివ్వనంటే, నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఇంజిన్ మార్చడంలో అసలు ఖర్చు ఇంజిన్ ధర కాదు. పాతది దింపడం, ఇది ఎక్కించడం, సీళ్లు, గాస్కెట్లు, టైమింగ్ బెల్ట్, వాటర్ పంపు, ఆయిల్, కూలెంట్, చాలాసార్లు క్లచ్ కూడా. ఎక్కించేది మంచి ఇంజినైనా చెడ్డదైనా ఈ ఖర్చు తప్పదు. చెడ్డది ఎక్కిస్తే ఇదంతా రెండోసారి పెట్టుకోవాలి, మధ్యలో కారు నెలల తరబడి మూలన పడుతుంది. అందుకే ఊరికే వచ్చే ఇంజిన్‌ను డబ్బు పెట్టి కొనే ఇంజిన్ కంటే ఎక్కువ శ్రద్ధగా చూడాలంటాను. కొన్నదానికి అమ్మినవాళ్లు ఎంతో కొంత గ్యారంటీ ఇస్తారు. ఊరికే ఇచ్చినాయన్ని తర్వాత ఏమని నిలదీస్తాం?

ఆ ఇంజిన్ దగ్గరికి వెళ్లేముందు మీ కారు సంగతి ఒకసారి చూడండి. అది ఆయిల్ ఎందుకు తాగుతోందో తేల్చారా? ఆయిల్ తాగుతున్న ప్రతి ఇంజినూ మార్చాల్సింది కాదు. కొన్ని కంపెనీలు తమ పుస్తకాల్లో 1,000 కిలోమీటర్లకు అర లీటరు నుంచి లీటరు దాకా తగ్గినా మామూలే అని రాస్తాయి. రాత్రంతా ఆగి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్క గుప్పెడు నీలం పొగ వచ్చి ఆగిపోతే, లేదా పొడుగాటి దిగుడులో కాలు తీసి దిగి మళ్లీ ఆక్సిలరేటర్ తొక్కగానే పొగ వస్తే, అనుమానం వాల్వ్ సీళ్ల మీద. చాలా ఇంజిన్లలో వాటిని హెడ్ (సిలిండర్ల పైన మూతలా ఉండే భాగం) దింపకుండానే మార్చవచ్చు. క్రాంక్‌కేస్ (ఇంజిన్ కింది గది) గాలిని ఇన్‌టేక్‌లోకి, అంటే ఇంజిన్ గాలి పీల్చే దారిలోకి, పంపే పీసీవీ వాల్వ్ మూసుకుపోయినా ఆయిల్ తగ్గుతుంది. అది చిన్న సామాను. ఎక్కు మీద లోడ్ పడినంతసేపూ నీలం పొగ వస్తూ, కంప్రెషన్ (సిలిండర్లో గాలి ఒత్తిడి) కూడా తగ్గి ఉంటేనే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు, పిస్టన్ కదిలే బోరు అరిగాయని అనుకోవాలి. మీ ఇంజిన్ చరిత్ర మీకు తెలుసు. షెడ్డులో ఉన్నదాని చరిత్ర ఒకరి నోటి మాట మాత్రమే. మీ ఇంజిన్‌కు వాల్వ్ సీళ్లు చాలని తేలితే ఆ రెండోది ఎంత మంచిదైనా మీకు అక్కర్లేదు.

ఇక ఇస్తున్న కారణం. ఊరికే ఇస్తున్నారంటే ఏదో లోపం ఉండి తీరుతుందని నేను అనను. పెద్ద ఇంజిన్ వేసుకోవడానికి నడుస్తున్నదాన్ని తీసేయడం అన్నిటికంటే మంచి కారణం. వెనక నుంచి గుద్దుకున్న కారులోది కూడా మంచిదే. ముందు నుంచి గుద్దుకున్నదైతే పుల్లీలు, మౌంటింగ్ చెవులు, బ్లాక్ (సిలిండర్లుండే ఇంజిన్ మొండెం) మూలలు చూడాలి. "చిన్న హెడ్ గాస్కెట్ పనే, నాకే తీరిక లేదు" అన్న మాట వినిపిస్తే మాత్రం జాగ్రత్త. గాస్కెట్ దానంతట అది పోవడం తక్కువ. చాలావరకు ఇంజిన్ వేడెక్కి పోతుంది. వేడెక్కితే అల్యూమినియం హెడ్ వంగుతుంది, వాల్వుల మధ్య పగుళ్లు వస్తాయి. 4 సిలిండర్ల హెడ్‌కు చాలా కంపెనీలు ఒప్పుకునే వంపు 0.05 మి.మీ. దగ్గర్లో ఉంటుంది, అంటే కంటికి కనబడనంత. సరళపట్టీ పెట్టి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) దూర్చి చూస్తే గానీ తెలియదు.

ఆయన్ని ఇవి అడగండి: చివరిసారి ఎప్పుడు స్టార్ట్ చేశారు, తీయకముందు మీరే నడిపారా, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారు, ఎప్పుడైనా వేడెక్కిందా, తీసేటప్పుడు ఆయిల్, కూలెంట్ వంచేశారా. జవాబు ఏమిటన్నది ఒక ఎత్తు, ఎంత తేలిగ్గా చెబుతున్నాడన్నది ఇంకో ఎత్తు. స్వయంగా నడిపిన మనిషి "మూడో గేరులో కాస్త గుంజేది, మిగతాదంతా బాగుండేది" లాంటి చిన్న చిన్న సంగతులు తనంతట తనే చెబుతాడు. ఇంజిన్ ఇంకా కారులో ఉన్నప్పటి వీడియో ఫోన్‌లో ఉందేమో కూడా అడగండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయిన మొదటి పది సెకన్ల శబ్దం దొరికితే నాకు అది వంద మాటల పెట్టు.

ఇప్పుడు ఇంజిన్ ముందు నిలబడ్డారనుకుందాం. టార్పాలిన్ తీయగానే మొదట చూడాల్సింది రంధ్రాలు. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ పోర్టులకు గుడ్డో టేపో పెట్టి మూశారా? ప్లగ్గులు బిగించే ఉన్నాయా? ఇది ఎందుకంత ముఖ్యమంటే, ఇంజిన్ ఏ స్థితిలో ఆగినా ఏదో ఒక సిలిండర్ వాల్వు తెరుచుకునే ఉంటుంది. పోర్టు మూయకపోతే నాలుగేళ్ల తేమ గాలి ఆ వాల్వు గుండా నేరుగా బోరులోకి పోతుంది. అందుకే పాత ఇంజిన్లలో మూడు సిలిండర్లు అద్దంలా ఉండి, ఒక్కటే తుప్పు పట్టి ఉండటం తరచూ చూస్తుంటాం.

తర్వాత వంగి సంపు అడుగు చూడండి. పలకల మీద సంపు మోపి పెట్టిన ఇంజిన్ బరువంతా దాని మీదే ఉంటుంది. రేకు సంపు లోపలికి సొట్టపడితే ఆయిల్ పీల్చే జాలీకి, సంపు అడుగుకీ మధ్య ఉండాల్సిన కొద్దిపాటి సందు మూసుకుపోతుంది. మిగతాదంతా బంగారంలా ఉన్నా ఆ ఒక్క సొట్టతో క్రాంక్ తిరిగే బేరింగులకు ఆయిల్ అందకుండా పోతుంది. సొట్ట కనబడితే సంపు విప్పి సరిచేయాలని లెక్కలో రాసుకోండి. పోత అల్యూమినియం సంపయితే సొట్ట పడదు, పగులుతుంది. బ్లాక్ పక్కన గుండ్రటి కోర్ ప్లగ్గుల (బ్లాక్ గోడ రంధ్రాలను మూసే బిళ్లల) చుట్టూ తుప్పు కారిన చారలున్నాయేమో చూడండి. ఇదివరకు ఎవరైనా రీబిల్డ్ చేసిన ఇంజిన్ అయితే హెడ్‌కో బ్లాక్‌కో గుండ్రటి చిన్న లోహపు బిళ్ల అతికించి ఉండొచ్చు. ఇంజిన్ 120 డిగ్రీల సెల్సియస్ ప్రాంతం దాటి వేడెక్కితే ఆ బిళ్ల మధ్య భాగం కరిగి పడిపోతుంది. మధ్యలో ఖాళీగా ఉన్న బిళ్ల కనిపిస్తే ఇక ఎవరి మాటా వినక్కర్లేదు.

చేత్తో తిప్పడం ఈ మొత్తంలో నేను అన్నిటికంటే నమ్మే పరీక్ష. ముందు ప్లగ్గుల చుట్టూ ఉన్న మట్టిని గాలితోనో బ్రష్‌తోనో శుభ్రం చేయండి, లేకపోతే అదంతా సిలిండర్లో పడుతుంది. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఏది ఏ సిలిండర్‌దో వరుస తప్పకుండా పక్కన పెట్టండి. లేత గోధుమరంగులో ఉంటే మంచిది. ఆయిల్ తడి నల్లగా ఉంటే రింగులో వాల్వ్ సీళ్లో. నాలుగింటిలో ఒక్కటే కడిగినట్టు తెల్లగా మెరుస్తుంటే ఆ సిలిండర్లోకి కూలెంట్ వస్తూ ఉండొచ్చు. ప్రతి బోరులో ఒక చెంచాడు పల్చటి ఆయిల్ వేసి కాసేపు ఆగండి. ఆ తర్వాత క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన కడ్డీ) పుల్లీ బోల్టుకు సాకెట్ తగిలించి, పొడుగు కాడతో మెల్లగా తిప్పండి. పుల్లీ వైపు నుంచి చూస్తే చాలా ఇంజిన్లు గడియారం ముల్లు తిరిగే దిక్కులో తిరుగుతాయి. హోండా పాత డి, బి సిరీస్ ఇంజిన్లు ఎదురు దిక్కులో తిరుగుతాయి. మీ ఇంజిన్ దిక్కు ముందే తెలుసుకుని వెళ్లండి. వెనక్కి తిప్పితే క్రాంక్‌నూ క్యామ్‌నూ కలిపే టైమింగ్ బెల్టు పళ్లు దాటే ప్రమాదం ఉంది.

సరిగ్గా రెండు పూర్తి చుట్లు తిప్పాలి. వాల్వులను తెరిచే క్యామ్ ఒక చుట్టు తిరగడానికి క్రాంక్ రెండు చుట్లు తిరగాలి కాబట్టి ఒక్క చుట్టుతో ఆపేస్తే సగం వాల్వుల సంగతి తెలియదు. ప్లగ్గులు లేవు కనుక గాలి అడ్డు ఉండదు. వాల్వ్ స్ప్రింగుల వల్ల అక్కడక్కడ కాస్త బిగిసి, ఆ వెంటనే తనే ముందుకు జారినట్టు అనిపిస్తుంది. అది మామూలే. ప్రతి చుట్టులోనూ సరిగ్గా ఒకేచోట ఇనుముకు ఇనుము తగిలినట్టు టక్కున ఆగిపోతే, పిస్టన్‌కు వాల్వు తగులుతోందన్నమాట, లేదా సిలిండర్లో ఏదో పడి ఉంది. బలం పెట్టకండి. చుట్టు పొడుగునా ఇసుక నలిగినట్టు గరగరమంటూ బరువుగా తిరిగితే బేరింగుల మీద అనుమానం. అసలు కదలకపోతే సీజ్ అయినట్టు. అందులోనూ తేడా ఉంది. నిలవ ఉండి తుప్పుతో పట్టుకున్నదైతే సిలిండర్లలో తుప్పు వదిలించే ద్రవం పోసి కొన్ని రోజులు నాననిచ్చి, అటూ ఇటూ మెల్లగా కదిపితే విడివడే అవకాశం ఉంది. నడుస్తూ నడుస్తూ ఆయిల్ లేక కాలిపోయి పట్టుకున్నదైతే క్రాంక్ గ్రైండింగ్ (క్రాంక్‌ను సాన పట్టించడం) దాకా పోవాల్సిందే. ఈ వారంలోనే తేల్చాలి కాబట్టి, కదలని ఇంజిన్‌ను మీరు విడిభాగాల కోసం మాత్రమే లెక్కేయండి.

క్రాంక్ తిరుగుతుంటే ఇంకో చిన్న పని. పుల్లీని రెండు చేతులతో పట్టుకుని లోపలికి నెట్టి, బయటికి లాగి చూడండి. సాధారణంగా అనుమతించే కదలిక 0.1 నుంచి 0.3 మి.మీ. లోపు, అంటే ఉందా లేదా అనిపించేంత. స్పష్టంగా టకటకమని కొట్టుకుంటే క్రాంక్ ముందుకూ వెనక్కీ జరగకుండా ఆపే థ్రస్ట్ బేరింగ్ పోయినట్టే. క్లచ్ మీద కాలు తీయకుండా నడిపే అలవాటున్న వాళ్ల ఇంజిన్లలో ఇది కనిపిస్తుంది.

ఫోన్‌కు తగిలించుకునే సన్నటి కెమెరా ఒకటి సంపాదించుకుని వెళ్లండి. ప్లగ్ రంధ్రం గుండా దింపి, పిస్టన్ కిందికి ఉన్నప్పుడు బోరు గోడ చూడాలి. ఒకదానికొకటి అడ్డంగా గీసినట్టు ఉండే హోనింగ్ గీతలు ఇంకా కనబడుతుంటే సంతోషించండి, ఆ బోరుకు ఇంకా ఆయువుంది. పై నుంచి కిందికి నిలువు గాట్లు ఉంటే మంచిది కాదు. తుప్పు సాధారణంగా బోరు చుట్టూ ఒక గోధుమరంగు గీతలా ఉంటుంది, రింగులు ఎక్కడ ఆగి కూర్చున్నాయో సరిగ్గా అక్కడ. ఇంజిన్‌ను రెండు చుట్లు తిప్పాక మళ్లీ చూడండి. గీత మాసిపోయి మరక మాత్రమే మిగిలితే పైపై తుప్పు. గుంటలు పడి ఉంటే, ఎంత తిప్పినా పోవు. ఆ బోరు హోనింగ్‌తో (గోడను సన్నగా సాన పట్టడంతో) కూడా సరిపోకపోవచ్చు, బోరింగ్ చేసి, అంటే బోరును పెద్దది చేసి, ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయాలి. కొన్ని అల్యూమినియం బ్లాకుల్లో బోరు గోడకు ప్రత్యేకమైన పూత ఉంటుంది. వాటిని మామూలు లేత్ షాపులో బోరింగ్ చేయడం కుదరదు. మీ ఇంజిన్ బ్లాకు అలాంటిదా, ఇనుప స్లీవులున్నదా అన్నది ముందే కనుక్కోండి. తుప్పు గుంటలు కనబడితే ఆ జవాబు మీద అంతా ఆధారపడుతుంది.

ఆయిల్ దగ్గర తొందరపడకండి. చాలామంది డిప్‌స్టిక్ లాగి చూసి వదిలేస్తారు. నాలుగేళ్లు కదలకుండా ఉన్న ఇంజిన్‌లో డిప్‌స్టిక్ సగం కథే చెబుతుంది. నీళ్లు ఆయిల్ కంటే బరువు, కాబట్టి లోపల నీళ్లుంటే ఇన్నేళ్లలో అవి సంపు అడుగుకు చేరి ఉంటాయి. తెల్లటి గిన్నె కింద పెట్టి, డ్రెయిన్ బోల్టును పూర్తిగా తీయకుండా చుక్క చుక్కగా కారేంత మాత్రమే వదులు చేయండి. మొదటి చెంచాడే మీకు కావాల్సింది. నేరుగా నల్లటి ఆయిల్ వస్తే మంచిది. ముందు నీళ్లు వస్తే వాటి రంగు చూడండి. ఆకుపచ్చ, గులాబీ, నీలం లాంటి రంగు, వేళ్ల మధ్య జిగురు ఉంటే కూలెంట్, అంటే గాస్కెటో పగులో. రంగు లేని నీళ్లయితే కురిసినవి, పైనుంచి దిగినవి. రుచి చూసి తేల్చే అలవాటు కొందరికి ఉంది, అది మాత్రం వద్దు. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. ఆయిల్ పోసే మూత కింద మీగడలా కొంచెం తెల్లగా పట్టి ఉండటం ఒక్కటే చూసి బెంబేలెత్తకండి. దగ్గర దగ్గర తిరుగుడు తిరిగిన కార్లలో ఆవిరి చేరి అలా అవుతుంది. సంపులోని ఆయిల్ మొత్తం టీ రంగులోకి మారి ఉంటేనే అసలు సమస్య.

ఆయిల్ ఫిల్టర్ ఇంకా ఇంజిన్‌కే ఉంటే అది మీకు దొరికిన పెద్ద సాక్ష్యం. ఆయన ఈమధ్య కొత్త ఆయిల్ పోసి పెట్టినా ఫిల్టర్ మాత్రం పాతదే అయి ఉంటుంది. దాన్ని విప్పి కోయండి. రంపంతో కోస్తే రంపపు పొడే లోపల పడి మనల్ని తికమక పెడుతుంది, అందుకే రేకు కత్తెరో ఫిల్టర్ కట్టరో వాడండి. లోపలి కాగితం మడతలు విప్పి, ఆయిల్ పిండేసి, ఎండలో అటూ ఇటూ తిప్పి చూడండి. ఒకటీ అరా మెరుపు ఏ పాత ఇంజిన్‌లోనైనా ఉంటుంది. మడత మడతకీ మెరుపు రజను ఉంటే లోపల ఏదో అరుగుతోంది. అయస్కాంతానికి అంటుకుంటే ఉక్కో ఇనుమో: రింగులు, క్యామ్, చైన్. అంటుకోని వెండి రంగు ముక్కలు పిస్టన్లవో బేరింగ్ పై పొరవో. రాగి రంగు కనబడితే బేరింగ్ పై పొర అరిగిపోయి కింది పొర బయటపడిందని అర్థం. రాగి రంగు రజను కనబడ్డ ఇంజిన్‌ను అలాగే కారులో వేయడానికి నేను ఒప్పుకోను, ప్లగ్గులూ బోర్లూ ఎంత బాగున్నా సరే.

కంప్రెషన్ గురించి చాలామంది పట్టుబడతారు. నడిచే పెట్రోల్ ఇంజిన్‌లో సాధారణంగా 9 నుంచి 13 బార్ ఉంటుంది, అంటే 130 నుంచి 190 పీఎస్ఐ. సిలిండర్ల మధ్య తేడా 10-15 శాతం దాటకూడదు. కానీ నేల మీద ఉన్న ఇంజిన్‌కు ఈ పరీక్షలో ఒక చిక్కు ఉంది. చాలా కార్లలో స్టార్టర్ మోటారు గేర్‌బాక్స్ గూటికి బిగిస్తారు, గేర్‌బాక్స్ లేకపోతే స్టార్టర్‌ను పెట్టే చోటే ఉండదు. చేత్తో తిప్పి కంప్రెషన్ కొలవలేం. అందుకే గాలి నింపి ఎంత కారుతోందో చూసే లీక్‌డౌన్ పరీక్ష మేలు. చిన్న కంప్రెసర్, రెండు డయల్స్ ఉన్న గేజ్ ఉంటే చాలు. పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్ పైచివరకు తెచ్చి, ప్లగ్ రంధ్రం నుంచి గాలి ఎక్కించాలి. గాలి ఒత్తిడికి క్రాంక్ ఉన్నట్టుండి గిర్రున తిరగొచ్చు. కాబట్టి క్రాంక్ వెనక ఉండే ఫ్లైవీల్ చక్రాన్ని కదలకుండా బిగించండి, పుల్లీకి తగిలించిన పొడుగు కాడ తీసేయండి, చేతులు దూరంగా పెట్టండి.

ఇక చెవి పెట్టి వినడమే. ఎగ్జాస్ట్ పోర్టులో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు. ఇన్‌టేక్‌లో అయితే ఇన్‌టేక్ వాల్వు. ఆయిల్ మూత దగ్గర అయితే రింగులు. కూలెంట్ గొట్టంలో నీళ్లు పోసి చూస్తే బుడగలు వస్తే గాస్కెటో పగులో. 10 శాతం లోపు కారితే చాలా బాగున్నట్టు, 20 శాతం దాటితే కారణం వెతకాలి. నిలవ ఇంజిన్‌కు కొంచెం వెసులుబాటు ఇవ్వండి. రింగులు ఆరిపోయి ఉంటాయి, వాల్వు కూర్చునే చోట తుప్పు పొర ఉంటుంది. ఒక్క సిలిండర్లో మాత్రం వాల్వు దగ్గర కారుతుంటే, అది నాలుగేళ్లుగా తెరుచుకుని ఉన్న వాల్వే అయ్యుంటుంది. హెడ్ దింపి వాల్వులు నూరితే సరిపోయే పని, ఇంజిన్ వదులుకునేంత కారణం కాదు. రింగుల దగ్గర, అదీ రెండు మూడు సిలిండర్లలో కారితే, మీ కారులో ఉన్న ఇంజిన్‌కూ దీనికీ తేడా ఏముంది?

అదే మోడల్ కారు అన్న ధైర్యం కూడా పూర్తిగా వద్దు. బయటికి ఒకేలా కనిపించే ఇంజిన్లలో మధ్యలో మార్పులు జరుగుతుంటాయి. షెవర్లే చిన్న బ్లాక్ వీ8 ఇంజిన్లలో 1985 దాకా వెనక క్రాంక్ సీల్ రెండు ముక్కలది, 1986 నుంచి ఒకే ముక్కది. దాంతో క్రాంక్ వెనక బోల్టుల వలయం మారిపోయి, పాతదాని ఫ్లైవీల్ కొత్తదానికి కుదరదు. 1989లో వచ్చిన మాజ్దా ఎంఎక్స్-5 తొలినాటి 1.6 లీటర్ ఇంజిన్ల క్రాంక్ ముందు ముక్కు పొట్టిది. అక్కడ పుల్లీని పట్టుకునే తాళం గాడి చెడిపోతుందని పేరుపడింది. 1991 మధ్యలో దాన్ని మార్చారు. ఇంజిన్ విప్పకుండానే ఆ తేడా తెలుస్తుంది, పొట్టి ముక్కుదానికి పుల్లీలో 4 గాళ్లు, తర్వాతిదానికి 8. మీ ఇంజిన్‌లో ఏం మారిందో నేను చెప్పలేను గానీ, రెండు ఇంజిన్ల కోడ్, నంబరు ఫొటో తీసి పోల్చండి. కోడ్ చివరి అక్షరం తేడా ఉన్నా ఆగి కనుక్కోండి. థ్రాటిల్ తీగతో పనిచేసేదా, ఎలక్ట్రానిక్‌దా? క్రాంక్ సెన్సర్ చదివే చక్రానికి పళ్లు రెండింటికీ ఒకటేనా? వాల్వ్ టైమింగ్ మార్చే సదుపాయం ఒకదానికుండి ఇంకోదానికి లేదా? ఈ మూడూ కలిస్తే మిగతా పని తేలిక. హెడ్‌తో సహా బ్లాక్ మాత్రం దానిది తీసుకుని, ఇన్‌టేక్, ఇంజెక్టర్లు, సెన్సర్లు, వైరింగ్ మీ కారువే దానికి బిగించండి. మీ ఈసీయూకు (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌కు) ఏ తేడా తెలియదు, దొంగతనాన్ని ఆపే ఇమ్మొబిలైజర్‌తోనూ పేచీ ఉండదు.

ఇంజిన్ బయట ఉన్నప్పుడు మార్చాల్సినవి మార్చేయండి: టైమింగ్ బెల్ట్, టెన్షనర్, వాటర్ పంపు, థర్మోస్టాట్, ముందు వెనక క్రాంక్ సీళ్లు, క్యామ్ సీళ్లు, సంపు గాస్కెట్, ప్లగ్గులు. బెల్టు మార్చి తక్కువ కిలోమీటర్లే తిరిగిందని ఆయన చెప్పినా వదలకండి. రబ్బరుకు కిలోమీటర్లే కాదు, ఏళ్లు కూడా లెక్కే. చాలా ఇంజిన్లలో బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులను కొట్టి వంచేస్తాయి. వెనక క్రాంక్ సీల్ చవక వస్తువే, కానీ తర్వాత కారితే దానికోసం మళ్లీ గేర్‌బాక్స్ దింపాలి. హెడ్ విప్పితే సాగే రకం హెడ్ బోల్టులు కొత్తవి వేయాలి, పాతవి మళ్లీ బిగించకూడదు. ఈ సామాన్ల ధరలన్నీ వెళ్లేముందే కనుక్కుని ఒక కాగితం మీద రాసుకోండి, పక్కనే రెండు అంకెలు వేయండి: గ్యారంటీతో దొరికే సెకండ్ హ్యాండ్ ఇంజిన్ ఎంత, మీ ఇంజిన్‌నే రింగులు మార్చి బాగుచేయిస్తే ఎంత. షెడ్డు ఇంజిన్‌కు బోరింగో క్రాంక్ గ్రైండింగో కావాలని తేలితే లెక్క తలకిందులవుతుంది. అదే డబ్బు మీ ఇంజిన్ మీద పెట్టడం నయం.

మోసుకెళ్లే సంగతి. 4 సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్ 100 నుంచి 150 కిలోల దాకా ఉంటుంది. మనుషులు ఎత్తేది కాదు, క్రేన్ తెచ్చుకోండి. క్రేన్ చెయ్యి బయటికి లాగేకొద్దీ అది మోసే బరువు తగ్గుతుంది, చెయ్యి మీదే రాసి ఉంటుంది చూడండి. గొలుసు ఇంజిన్‌కు ఉన్న ఎత్తే చెవులకే తగిలించాలి, ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌కు కాదు. బండిలో పాత టైరు మీద పెట్టి రెండు వైపులా కట్టండి. ఇంజిన్ నంబరు, తేదీ రాసి ఆయన సంతకంతో ఒక కాగితం తీసుకోండి. చాలాచోట్ల కారు రిజిస్ట్రేషన్‌లో ఇంజిన్ నంబరు ఉంటుంది, మార్చాక అది నమోదు చేయించాలి. నంబరు గీకేసి ఉంటే మాత్రం ఇంజిన్ ఎంత బాగున్నా ముట్టుకోకండి.

మీ విషయంలో నా తీర్పు: రెండు చుట్లు సాఫీగా తిరిగి, బోర్లలో గుంటలు లేక, సంపులోంచి మొదట ఆయిలే వచ్చి, ఫిల్టర్‌లో రాగి రంగు లేకుంటే తెచ్చుకోండి, లీక్‌డౌన్ ఇంటి దగ్గరైనా చేసుకోవచ్చు. వీటిలో ఒక్క వాల్వు మాత్రమే తేడాగా ఉన్నా తెచ్చుకోవచ్చు. బోరుకో బేరింగుకో దెబ్బ ఉంటే, అదే కారు మీకుంది కాబట్టి ఆల్టర్నేటర్, స్టార్టర్, ఇంజెక్టర్లు, హెడ్ పనికొస్తాయి. కానీ విప్పి పెట్టుకోవడానికి చోటు, ఓపిక ఉంటేనే. లేకపోతే అక్కడే ఉండనివ్వండి.

తెచ్చుకునేలా ఉంటే ఆ రోజే ఆయన్ని బ్రాకెట్లు, ఫ్లైవీల్, దాని బోల్టులు, ఇంజిన్‌కు చెందిన సంచీలు, డబ్బాలు అన్నీ అడిగి తీసుకోండి. కొత్తవి దొరకడానికి వారాలు పట్టే ఒక్కో బోల్టు ఆ డబ్బాల్లోనే ఉంటుంది. ఇంటికి రాగానే ప్రతి బోరులో మళ్లీ కొంచెం ఆయిల్ వేసి, ప్లగ్గులు బిగించి, పోర్టులు టేపుతో మూసేయండి. కారులో ఎక్కించాక మొదటిసారి స్టార్ట్ చేసేముందు ప్లగ్గులు లేకుండా, పెట్రోల్ రాకుండా ఆపి, ఆయిల్ ప్రెషర్ మీటరు కదిలేదాకా స్టార్టర్‌తో ఆగి ఆగి తిప్పండి. ఎండిపోయిన బేరింగులకు ఆయిల్ అందాకే ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేయండి. వేడెక్కాక ప్రతి 1,000 ఆర్‌పీఎంకు సుమారు 10 పీఎస్ఐ ప్రెషర్ నిలబడుతుంటే బేరింగుల గురించి టెన్షన్ పడక్కర్లేదు.